వేగపు మోటారు సైకిలు: తొలి సవారి

నేఁటి నా ప్రసంగమునకు విషయము క్రొత్తరకపు వేగపు మోటారు సైకిలు. పల్లెలలోని పెద్దలకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. దాని నెక్కఁబోవువాఁడు మన మనుమఁడు. సొమ్ము నిచ్చువారము మనము. వాఁడు రాత్రి యిల్లు చేరువఱకు వీధియరుగుపైఁ గూర్చుండి యెదురుచూచువారమును మనమే. ఇంత సంబంధము గల వస్తువును గూర్చి యేమియుఁ దెలిసికొనకయే మనలోఁ గొందఱు వలదనుచున్నారు, కొందఱు సరే యనుచున్నారు. వలదనువారు దాని యాకారమును జూచి వెఱచినవారు. సరే యనువారు పిల్లవాని యలుకకు లొంగినవారు. విచారించి నిర్ణయించినవా రరుదు.

నేను యంత్రశాస్త్రము చదివినవాఁడను గాను. ముప్పదియేండ్లకుఁ బైగా బడిలోఁ దెలుఁగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాఁడను. అయినను ఆ యేండ్లన్నియు నూఱు సి.సి. మోటారు సైకిలు మీఁదనే బడికిఁ బోయి వచ్చితిని గనుక రెండుచక్రముల బండి స్వభావము నాకుఁ గొంత తెలియును. ఇటీవల విశాఖపట్టణమున, ఉక్కు కర్మాగారములో నుద్యోగము చేయుచున్న నా పూర్వ విద్యార్థి యొకఁడు తాను క్రొత్తగాఁ గొన్న వేగపు బండిని నా చేతికిచ్చి నడిపి చూడుఁడనెను. ఆ సవారిలో నాకుఁ దెలిసినదియు, దానికిఁ గల కారణములును మీకు నివేదింతును.

విశాఖపట్టణ మనఁగనే మనకు రెండు జ్ఞప్తికి వచ్చును. ఒకటి 1933వ సంవత్సరమున నోడల కొఱకుఁ దెఱవఁబడిన రేవు. రెండవది ఉక్కు కర్మాగారము. దాని కొఱకు 1966లో ఆంధ్రదేశమంతయు నాందోళన చేసినది. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగినది. 1992 ఆగష్టులో అది జాతి కంకితమైనది. ఈ రెంటి చుట్టును బెరిగిన యూరికి శ్రీకాకుళము, విజయనగరము, గోదావరి ప్రాంతముల పల్లెల బిడ్డలు పనికై పోవుచున్నారు. మొదటి జీతములు చేతికి రాఁగానే కొందఱు బండిని గొందురు. సంక్రాంతికి ఆ బండి మన యూరి వీధిలోనికి వచ్చును. దానిని జూచి ఊరిలోని కుఱ్ఱవాండ్రందఱు నట్టిదే కావలె నందురు. ఈ సమస్య మన గుమ్మములోనికి వచ్చిన త్రోవ యిది.

ఈ జాతి బండి యెట్లు పుట్టినదో కొంచెము చెప్పవలెను. పెట్రోలుతో నడచు మొదటి రెండుచక్రముల బండిని 1885లో జర్మనీ దేశమున డైమ్లరు, మైబాఖు అను నిద్దఱు శిల్పులు నిర్మించిరి. దాని చట్రము కఱ్ఱతోఁ జేసినది. బలము అర్ధాశ్వశక్తి. వేగము గంటకుఁ బండ్రెండు కిలోమీటర్లు మించనిది. మన జోడెడ్ల బండి పందెములో దానిని దాఁటిపోయెడిది! మనదేశమున 1955 నుండి మద్రాసులో ఎన్‌ఫీల్డు బుల్లెట్టు బండ్లు తయారైనవి. 1983లో ఎస్కార్ట్సు సంస్థవారు జపాను యమహావారి సాయముతో రాజ్‌దూత్ 350 అను బండిని దించిరి. దానికి ముప్పదికి దాపు అశ్వశక్తుల బలముండెను గాని, దానిని నిలుపుటకు డిస్కు బ్రేకులు లేవు, డ్రమ్ము బ్రేకులే. బలమును బట్టి బ్రేకు లేనప్పు డేమగునో ఆ కాలపు కుఱ్ఱవాండ్ర తల్లులకుఁ దెలియును. 1985లో హీరో హోండావారి నూఱు సి.సి. బండి వచ్చి, లీటరు పెట్రోలుతో బహుదూరము పోవుచు, దేశము నంతటిని ద్విచక్రవాహనముపై నెక్కించినది. నేనును ఆ తెగ బండినే నడిపినవాఁడను.

నా శిష్యుఁడు కొన్న బండి పేరు అపాచీ ఆర్ ఆర్ 310. టి.వి.యస్. సంస్థవారు 2013లో జర్మనీకిఁ జెందిన బి.యం.డబ్ల్యూ. వారితో నొప్పందము చేసికొని, దాని ఫలముగా 2017 డిసెంబరులో దీని మొదటి రూపమును విడుదల చేసిరి. ఇది తమిళనాడులోని హోసూరులోఁ దయారగును. ఆ హోసూరు ప్రాంతమునఁ దరతరములుగాఁ దెలుఁగు మాటలాడు కుటుంబము లనేకములు గలవు. నేను నడిపినది 2024లో వచ్చిన రూపము. దాని బలము 38 అశ్వశక్తులు. బరువు 174 కిలోలు. నా పాఁతబండి బలము ఏడెనిమిది అశ్వశక్తులు, బరువు నూటపది కిలోలకు దాపు. అనఁగా బరువు రెట్టింపైనఁ గాలేదు, బలము మాత్రము అయిదు రెట్లయినది. ఈ లెక్కను గుర్తుంచుకొనుఁడు. తక్కిన సంగతులన్నియు దీనినుండియే పుట్టినవి.

బలమెట్లు పెరిగినది? ఇంజనులో నొక గొట్టము, అందులోఁ బైకిని గ్రిందికిని గదలు పిస్టనొకటి యుండును. మన బోరుబావి కడ నుండు డీజిలు ఇంజనులోను ఇదియే యేర్పాటు. లోపలికిఁ బీల్చిన పెట్రోలుగాలి నొత్తి, నిప్పురవ్వతో మండించినచో పిస్టను క్రిందికిఁ దన్నఁబడి, ఆ తన్నుతోఁ జక్రము తిరుగును. నూఱు సి.సి. బండికంటె ఈ బండి గొట్టము మూఁడు రెట్లు పెద్దది. అంతమాత్రమున బలము మూఁడు రెట్లే కావలెను గదా! మిగిలిన బలము రెండు కారణములచే వచ్చినది. మొదటిది శ్వాస. పాఁతబండికి గాలి పీల్చుట కొకటి, పొగ విడుచుట కొకటి, మొత్తము రెండు కవాటములు. దీనికి నాలుగు. ఇఱుకు ముక్కువానికంటె విశాలమైన ముక్కువాఁ డెక్కువసేపు పరుగెత్తఁగలుగుట వంటిది. రెండవది త్వర. ఈ ఇంజను పూర్తిబలము నిచ్చునప్పుడు నిమిషమునకు 9,800 చుట్లు తిరుగును. రెండు చుట్ల కొక మాఱు లోపల మంట పుట్టును గనుక సెకండునకు ఎనుబది మాఱులు మండును. కనుఱెప్ప వేసి తీయుటలోఁ బదిమాఱులకుఁ దక్కువ గాకుండ మండునన్నమాట. అంతటి వేఁడిని గాలి యొక్కటియే చల్లార్పఁజాలదు. కనుక లారీలకు వలెనే దీనికిని నీటితోఁ జల్లార్చు రేడియేటరు గలదు.

ఇఁక సవారి మాట. బండిని జూడఁగానే తోఁచునది, ఇది నిలిచియున్నప్పుడును బరుగెత్తుచున్నట్లుండును. ముందు భాగము డేగ ముక్కువలె వంగి, వెనుక భాగ మెత్తుగా లేచియుండును. సీటు నేలనుండి రెండడుగుల యెనిమిదంగుళముల యెత్తు. ఎక్కి కూర్చున్నచో మన పాఁతబండి మీఁద వలె నడుము నిటారుగా నుంచుటకు వీలులేదు. హ్యాండిలు పిళ్ళు తక్కువయెత్తున నుండును. వానిని బట్టుకొనఁగానే దేహము ముందుకు వంగును, పెట్రోలుటాంకిని మోఁకాళ్ళు కౌఁగిలించుకొనును, పాదములు వెనుకకుఁ జేరును. బావిగట్టుపై వంగి చేఁద లాగువాని భంగిమను దలఁచుకొనుఁడు. ఇట్లు వంచుటకుఁ గారణము గాలి. వేగము పెరిగినకొలఁది ఎదురుగాలి గోడవలె నడ్డగించును. వంగినవానికి ఆ గోడ చిన్నది. అందుచేత నెదుట నొక చిన్న గాజువంటి తెర గూడ నుంచిరి.

బండి కదలకముందు నా శిష్యుఁడు, "మాస్టారూ, దీనిలో నాలుగు పద్ధతులున్నవి. వాన, నగరము, క్రీడ, పందెపుఁదోవ. మొదట వానలోనే పెట్టితిని. మీరు దానినే యుంచుఁడు" అనెను. ఎండ కాయుచుండఁగా వాన యేమి నాయనా యని యడిగితిని. ఆ పద్ధతిలో ఇంజను తన బలమును దగ్గించుకొని మెల్లఁగా విడుచుననియు, చక్రము జాఱు ప్రమాదము తక్కువ యనియు వివరించెను. పొగరుగల కోడెకుఁ బగ్గము బిగించుట వంటిదే. ఒక మీట నొక్కుటతో బిగియు నా పగ్గ మొక మీట నొక్కుటతోనే వదలునని గూడ మనము గుర్తింపవలెను.

తెల్లవాఱుజామున ఋషికొండ దాఁటి భీమునిపట్టణము వైపు సముద్రము నొఱసికొని పోవు బాటలో బయలుదేఱితిని. కుడిచేతివైపు సముద్రము, ఎడమచేతివైపు కొండలు. మంగమారిపేట కడ తొట్లకొండ కానవచ్చును; ప్రాచీన కాలమున బౌద్ధభిక్షువులు విహారములు కట్టుకొని ధ్యానము చేసిన చోటది. ఇంకను ముందునకుఁ బోయినచో ఎఱ్ఱమట్టిదిబ్బలు. జనసమ్మర్దము లేని యా వేళ బండి స్వభావమును గనిపెట్టుట కనువైనది.

మొదటి యాశ్చర్యము దాని విధేయత. నేను మొండి గుఱ్ఱము నూహించుకొని యెక్కితిని. ఇది యట్లు చేయలేదు. క్లచ్చు వ్రేళ్ళకు వెన్నవలెఁ దగిలెను. గేర్లు మెత్తఁగాఁ బడెను. మలుపులో నేను జూచిన వైపునకే బండి వ్రాలెను. వెనుక టైరు ఆఱంగుళముల వెడల్పు, నా పాఁతబండి టైరునకు దాదాపు రెట్టింపు. అందుచే రోడ్డును గట్టిగాఁ బట్టుకొనును. గుంతలు వచ్చినప్పుడు లోపలి స్ప్రింగులు దెబ్బను మ్రింగి, కొంచెమే మన నడుమునకుఁ బంపును.

రెండవ యాశ్చర్యమే యీ ప్రసంగమునకు మూలము. కొంతదూరము పోయిన పిమ్మట నా మనస్సు, "ఇప్పుడు ముప్పదియైదు కిలోమీటర్ల వేగమున్నది" అని చెప్పుచుండెను. ఎదుటి ఫలకముపైఁ జూడఁగా 58 అని యంకె వెలుఁగుచుండెను. ముప్పదియేండ్లు బండి నడిపిన మనస్సు చెప్పిన లెక్కకును, నిజమునకును ఇరువది కిలోమీటర్లకుఁ బైఁబడి యంతరము! ఇట్లేల యగునని యక్కడనే బండి నొక ప్రక్క నిలిపి యాలోచించితిని.

పాఁతబండి చాడీలు చెప్పు సేవకుని వంటిది. నలుబది దాఁటఁగానే అద్దములు వణఁకును. ఏఁబది దాఁటఁగానే ఇంజను మూలుగును. అఱువది కడ హ్యాండిలు చేతులలో దడదడలాడును, కనులలో నీరు వచ్చును, చొక్కా డోలువలె మ్రోఁగును. "అయ్యా, వేగ మెక్కువైనది" అని దేహములోని ప్రతి యెముకకును అది కబురు పంపును. ఎంత దుడుకు కుఱ్ఱవాఁడైనను ఆ కబురు విని కొంత తగ్గును. క్రొత్తబండిని నిర్మించిన శిల్పులు ఈ కష్టములన్నిటిని దొలఁగించిరి. వణఁకును దీసివేసిరి, గాలిని బ్రక్కలకుఁ ద్రోసిరి, ఆఱు గేర్లు పెట్టి ఇంజను మూలుగును మాన్పిరి. సౌఖ్యము కొఱకుఁ జేసిన పని యది, మంచిదే. కాని ఆ కష్టములతోఁ గూడ వెఱపును దెచ్చు దూతయు వెడలిపోయినాఁడు. వేగ మున్నది, వేగము కలదని చెప్పువాఁడు లేఁడు. పెద్దలు ఈ బండి మోటుదనమును జూచి భయపడుచున్నారు. నా యనుభవములో దీని యపాయము మోటుదనమున లేదు, నునుపుదనమున నున్నది.

దీనికిఁ దోడు త్వర యొకటి. నిలిచియున్న బండి అఱువది కిలోమీటర్ల వేగము నందుకొనుటకు, పూర్తిబలముతో నడపినచో, మూఁడు సెకండ్లు పట్టదని సంస్థవారి లెక్క. "శ్రీరామ" యని మూఁడుమాఱు లనుటకుఁ బట్టు కాలమది. నూఱు సి.సి. బండి కదే వేగమునకు ఎనిమిది తొమ్మిది సెకండ్లు కావలెను. ఆ యెడములో మనస్సునకు రెండవ యాలోచన వచ్చుట కవకాశముండెడిది. ఇక్కడ ఆ యవకాశము గూడఁ దగ్గినది.

వేగము తెలియకపోయిన నేమగునో చిన్న గణితముతోఁ జెప్పెదను. పల్లకఁ గఱ్ఱ చేతఁబట్టి నేలపై గీసికొనినను దెలియునంత సులభమైనది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున్న బండి సెకండునకు దాదాపు 17 మీటర్లు పోవును. ఎదుట గేదె యడ్డము వచ్చినది. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకు నందుకొనుటకు ఒక సెకండు పట్టును. ఆలోపల 17 మీటర్లు గడచును. పిదప మంచి బ్రేకులు, పొడి రోడ్డు ఉన్నచో నిలుచుటకు మఱియొక 20 మీటర్లు. మొత్తము 37 మీటర్లు, అనఁగా నలుబది గజములు. ఇప్పుడు వేగమును రెట్టింపు చేసి 120 అనుకొందము. చేయి కదలుటకుఁ బట్టు దూరము రెట్టింపై 33 మీటర్లగును. బ్రేకు దూరము మాత్రము రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును, 80 మీటర్లు. మొత్తము 113 మీటర్లు, నూటయిరువది గజములకుఁ బైమాట. వేగము రెట్టింపయినచో దెబ్బ నాలుగు రెట్లగు ననునది ప్రకృతి నియమము. దీనికి ధనికుఁడని, దరిద్రుఁడని, ఒక్కఁడే కొడుకని భేదము లేదు.

ఇదియే లెక్కను మఱియొక విధముగాఁ జెప్పుదును. 60 కిలోమీటర్ల వేగముతో గోడను దాఁకుట నాలుగంతస్తుల మేడపైనుండి క్రిందఁబడుట వంటిది. 120 కిలోమీటర్లతోఁ దాఁకుట అట్టి మేడలు నాలుగు ఒకదానిపై నొకటి పేర్చి ఆ శిఖరమునుండి పడుట వంటిది. మేడ యంచున నిలుచుండిన పిల్లవాఁడు క్రిందికిఁ జూచి వెనుకకుఁ దగ్గును. బండిమీఁదఁ గూర్చున్నవానికి ఆ లోఁతు కనఁబడదు. ఈ బండి గంటకు 160 కిలోమీటర్లు పోఁజాలును.

బ్రేకులను గూర్చి న్యాయముగాఁ జెప్పవలెను. రాజ్‌దూత్ నాఁటికిని నేఁటికిని ఈ విషయమున గొప్ప యభివృద్ధి కలిగినది. ముందుచక్రమునకు అడుగు వెడల్పు గల ఉక్కుపళ్ళెము నమర్చి, దానిని రెండు ప్రక్కల నదుము పట్టకారు పెట్టిరి. దానికిఁ దోడు ఎ.బి.యస్. అను నేర్పాటు గలదు. పూర్వము హడలి బ్రేకును గట్టిగాఁ బట్టినచో చక్రము తిరుగుట మాని జాఱెడిది. జాఱిన చక్రము హ్యాండిలు మాట వినదు. ఈ యేర్పాటులో చక్రము జాఱఁబోవుచున్నదని కనిపెట్టు యంత్రము బ్రేకును సెకండునకుఁ బలుమాఱులు వదలి పట్టుచుండును. నిర్జనమైన చోట ముప్పది కిలోమీటర్ల వేగమున బ్రేకును బలముగా నదిమి చూచితిని. వ్రేళ్ళక్రింద నాడి కొట్టుకొనునట్లు తెలిసెను. బండి యటునిటు పోక తిన్నఁగా నిలిచెను. 125 సి.సి. మించిన క్రొత్త బండ్లన్నిటికిని దీనిని 2019 ఏప్రిలు నుండి మనదేశమున విధిగాఁ జేసినారు. ఎందఱి ప్రాణములనో నిలుపు నేర్పా టిది.

అయినను దీని హద్దు తెలియవలెను. ఎ.బి.యస్. చక్రమును జాఱనీయదు గాని, రోడ్డునకు లేని పట్టును దాను గల్పింపఁజాలదు. సముద్రతీరపు బాటలో గాలికి ఇసుక కొట్టుకొనివచ్చి మలుపులలోఁ బేరుకొనియుండును. గాజువాక వైపునను, రేవు దారులలోను, బొగ్గును, ఇనుపరాతిని, ఉక్కుచుట్టలను మోయు లారీలు పోవుచుండును. వానినుండి రాలిన పొడియు, నూనెయు రోడ్డుపై నుండును. మన పల్లెల సంగతి చెప్పనక్కఱయే లేదు. నూర్పుల కాలమున రోడ్డు సగము ధాన్యము ఎండఁబోయుదుము. గేదెలు సాయంకాలము రోడ్డునఁ బడి వచ్చును. సున్నము పూయని యెత్తుగట్లు చీఁకటిలోఁ గానరావు. పొడిరోడ్డు మీఁద వేసిన నలుబది గజముల లెక్క ధాన్యపు గింజల మీఁద నిలువదు.

తిరిగి వచ్చునప్పుడు నగరములోనికిఁ బ్రవేశించి మద్దిలపాలెము మీఁదుగా గాజువాక దాఁక జనములో నడిపితిని. భీమిలిబాటలో హంసవలె నున్న బండి యిక్కడ వేఱు వేషము ధరించెను. నిలిచి కదలి, నిలిచి కదలి పోవునప్పుడు ఇంజను వేఁడి మోఁకాళ్ళకుఁ దగులును. దేహభారము మణికట్లపైఁ బడి నొప్పి పుట్టును. హ్యాండిలు కొంతమాత్రమే తిరుగును గనుక ఇఱుకుసందులో బండిని వెనుకకుఁ ద్రిప్పుట కష్టము. వెనుక సీటు పిట్టగోడవలె నెత్తుగాను, చిన్నదిగాను ఉండును. దానిపై ఇల్లాలిని గాని, మందుల కొఱకుఁ బట్టణము పోవు ముసలితల్లిని గాని కూర్చుండఁబెట్టుట సాధ్యము గాదు. బియ్యపుబస్తా మాట తలపెట్టనే వలదు. ఇవి లోపములు గావు. ఈ జాతి బండ్లన్నిటి స్వభావ మిట్టిదే. పందెపుటెద్దును గుంటకకుఁ గట్టినచో తప్పు ఎద్దుది కాదు గదా.

ఇఁక మన నిర్ణయమునకు వత్తము. బండి చెడ్డదని నేను జెప్పను. ఇంత చక్కని పనితన మొకప్పుడు విదేశములనుండి మాత్రమే వచ్చెడిది. నేఁడు మన ప్రక్కనున్న హోసూరులో మనవారి చేతులలోఁ దయారగుట సంతోషింపఁదగినదే. కాని కొనుటకు ముందు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది పని. పిల్లవానికి నిత్యము కావలసినది పొలము, బడి, సంతయైనచో ఈ బండి పనికిరాదు. ధర రెండున్నర లక్షలకుఁ బైమాటే. పెట్రోలు ఖర్చు నూఱు సి.సి. బండికి రమారమి రెట్టింపు. టైర్లు, బీమా దానికిఁ దగినట్లే.

రెండవది వయస్సు. గేర్లు గల మోటారు సైకిలునకుఁ బదునెనిమిదేండ్లు నిండక లైసెన్సు లేదు. ఇంటిపట్టున పెరడులో నేర్చుకొనుచున్నాఁడు, ఏమగును అనుకొనరాదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మైనరు పిల్లవాఁడు బండి నడిపి నేరము చేసినచో పెద్దవారు గాని, బండి సొంతదారు గాని దోషులగుదురు. మూఁడేండ్ల వఱకు జైలును, ఇరువదియైదువేల రూపాయల జుల్మానాయుఁ బడవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. ముద్దు చేసిన తాతయే ముద్దాయి యగునని చట్టము చెప్పుచున్నది.

మూఁడవది శిక్షణ. పదునెనిమిదేండ్లు నిండుటతోఁ జాలదు. మూఁడు వందల సి.సి. బండి నిచ్చుటకు ముందు వాఁడు నూఱు సి.సి. బండిని రెండు వర్షకాలములు నిరపాయముగా నడిపియుండవలెనని నా యభిప్రాయము. నత్వములు చదువక సమాసములకుఁ బోయిన విద్యార్థిని నేను బడిలోఁ జూచియున్నాను. అక్కడ తప్పినచో మార్కులు పోవును, ఇక్కడ తప్పినచో మనిషి పోవును. క్రొత్తబండి వచ్చిన పిదపఁ గూడ మొదటి మాసములు వాన పద్ధతిలోనే నడపుమని యొప్పందము చేసికొనుఁడు.

నాల్గవది రక్షణ. తలకు హెల్మెట్టు నడుపువానికే గాక వెనుకఁ గూర్చున్నవానికి గూడఁ జట్టము విధించినది. 2021 జూను నుండి ఐ.యస్.ఐ. ముద్ర లేని హెల్మెట్లను అమ్మరాదు; రోడ్డుప్రక్కఁ గుప్పపోసి యమ్ము చిప్పలను గొనకుఁడు. గడ్డముక్రింది పట్టీ బిగింపని హెల్మెట్టు తలపై నుంచిన కుండతో సమానము. ఈ బండికి దానితోఁ బాటు చేతులకుఁ దోలుతొడుగులు, కాళ్ళకు మడమల పైదాఁక వచ్చు బూట్లు, మోఁచేతుల కడ దళసరిగా నుండు కోటును బండి ధరలోనే చేర్చి లెక్కింపుఁడు. వాని కొఱకు సొమ్ము మిగులనిచో బండికిని సొమ్ము చాలలేదనియే యర్థము.

అయిదవది వేగపు హద్దు. ద్విచక్రవాహనములకుఁ బురపాలక హద్దులలో 60, నడుమ దిబ్బ గల నాలుగు వరుసల రహదారిపై 80 కిలోమీటర్లు మించరాదని 2018లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. స్థానికాధికారు లింకను దగ్గింపవచ్చును. ఈ బండి పోఁగల వేగములో సగము మాత్రమే పెద్ద రహదారిపై వాడుకొనుటకు వీలు. మిగిలిన సగము రోడ్డుకుఁ జెందినది గాదు. దానిని రుచి చూడఁగోరు యువకుల కొఱకుఁ జెన్నపట్టణము చేరువ ఇరుంగాట్టుకోట్టైలోఁ బందెపుఁదోవ గలదు. అక్కడ ఎదురు బండ్లు రావు, గేదెలు రావు, ధాన్య ముండదు. వేగమునకుఁ దగిన చోట వేగము క్రీడ. అదే వేగము జోడుగుళ్ళపాలెము బాటలోనైనను, మన యూరి చెఱువుగట్టునైనను హత్య.

సవారి ముగిసిన పిదప నా శిష్యుని, "నాయనా, దీనిని గొన్నప్పటినుండి నీ వెంత వేగము పోయితివి?" అని యడుగలేదు. "అఱువదిలోఁ బోవుచుండఁగా ఎన్ని గజములలో నిలుపఁగలవు?" అని యడిగితిని. అతఁడు నవ్వి, "నలుబది గజములు, మాస్టారూ. ఖాళీ మైదానములో గుర్తులు పెట్టి కొలిచితిని. తడినేలపై ఏఁబది దాఁటినది" అనెను. ఆ సమాధానము విని నాకు మనస్సు కుదుటపడెను. అట్టివాని చేతిలో నీ బండి యుండుటకు నాకు భయము లేదు.

కనుక ఆర్యులారా, ఈ సంక్రాంతికి మీ మనుమఁడు వచ్చి బండి కావలెనని యడిగినప్పుడు వెంటనే వలదనకుఁడు, వెంటనే సరే యనకుఁడు. వానిని బ్రక్కఁ గూర్చుండఁబెట్టుకొని ఈ లెక్క వానిచేతనే నేలపై వ్రాయింపుఁడు. పిదప ఎవరిదైనను నూఱు సి.సి. బండి నిప్పించి, ఊరివెలుపలి ఖాళీ చోట, ముప్పదిలోఁ బోవుచు ఎన్ని గజములలో నిలుపునో మీరే కొలిచి చూడుఁడు. నిలుపుట నేర్చిన పిల్లవానికి బండి నిచ్చుటను గూర్చి యాలోచింపవచ్చును. నేర్వనివానికి నేర్చువఱకు ఆగుమని చెప్పుటకు తాతకు అధికారము కలదు. ఆ యధికారమును గోపముతోఁ గాక లెక్కతో నుపయోగింపుఁడని మనవిచేయుచు సెలవు గైకొనుచున్నాను.